పన్నెండో గదికి వెళ్ళిన కామా

పదకొండు నలభైకి మందు ఎక్కడం మొదలైంది. పదకొండు నలభై మూడుకి మనిషి లేడు.

పోయినాయన రిటైరైన పాస్‌పోర్టు అధికారి. గుండె దడగా ఉంటోందని ఆసుపత్రిలో చేరి నాలుగు రోజులుగా హాయిగానే ఉన్నాడు. ఆ ఉదయం నున్నగా గడ్డం గీసుకుని, హెడ్ నర్స్‌కి మనవరాలి అల్లరి గురించి చెబుతున్నాడు. చెబుతూ చెబుతూనే కళ్ళు తేలేశాడు. దాదాపు రెండు రోజులు రావలసిన మందు సంచి మూడు నిమిషాలు తిరక్కుండా ఖాళీ అయిపోయింది.

విచారణ కమిటీ వారం రోజులు కూర్చుంది. డాక్టర్ రాసిన మోతాదు గంటకు ఒక మిల్లీలీటరు, పైన కొంచెం. పంపు ఎక్కించింది మాత్రం గంటకు వెయ్యినూట ఇరవై అయిదు. డాక్టర్ల కంప్యూటర్‌ని పరీక్షించారు, పంపుని పరీక్షించారు. రెండూ బుద్ధిగా పనిచేశాయి. యంత్రాలన్నీ నిర్దోషులని తేలాక మిగిలేది మనిషే కాబట్టి, హెడ్ నర్స్ చేత్తో అంకె కొట్టిందనీ, చుక్క పెట్టడం మరిచిపోయిందనీ రాసి పారేశారు. పద్దెనిమిదేళ్ళ సర్వీసున్న ఆవిడని ఇంటికి పంపేశారు. "నేను ఆ పంపుని ముట్టుకోలేదు మొర్రో" అని ఆవిడ మొత్తుకుంటే వినే నాథుడు లేడు.

కమిటీకి తెలియని సంగతి ఒకటి మన గూఢచారి డిపార్ట్‌మెంట్‌కి తెలుసు. విదేశీ గూఢచారి ముఠా 'గ్లవ్'కి నాయకుడెవడో కళ్ళారా చూసినవాళ్ళు ఈ దేశంలో ఇద్దరే. అందులో ఒకాయన ఈ పాస్‌పోర్టు అధికారి.

రెండో ఆయన అదే ఆసుపత్రిలో, అదే మందు వాడుతూ, పన్నెండో నంబరు గదిలో, పేపరు చదువుకుంటూ ఉన్నాడు.

* * *

"ఆయన నీకు ఏమవుతారో నాకు తెలుసు," అన్నాడు చీఫ్. "అయినా ఈ పని నీకే ఇస్తున్నాను."

ఎదురుగా ఏజెంట్ నిలబడి ఉన్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ 'హెల్ప్‌డెస్క్' అంటారు. గూఢచారి కాకముందు అయిదేళ్ళపాటు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఫోన్లు ఎత్తి, "ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేశారాండీ?" అని అడిగిన ఘనత అతనిది. తోటి ఏజెంట్లు కరాటేలో బెల్టులు సంపాదిస్తే ఇతను సంపాదించింది మెడనొప్పి. పన్నెండో గదిలో ఉన్న పెద్దమనిషి అతనికి స్వయానా మామగారు. ముప్ఫై ఏళ్ళు ఇదే డిపార్ట్‌మెంట్‌లో రహస్య లిపులు విప్పే సైఫర్ సెక్షన్ నడిపినవాడు. కూతుర్ని హెల్ప్‌డెస్క్‌కి ఇచ్చి ఏడేళ్ళయినా, అల్లుడితో ఆయన ఒక్క పూట తిన్నగా మాట్లాడిన పాపాన పోలేదు.

చీఫ్ ఒక కాగితం తోశాడు. "ఇవాళ పొద్దున పట్టుకున్న గ్లవ్ మెసేజ్. చదువు."

'పన్నెండు. రేపు మందు వేళకి. పోయినసారిలాగే. ఎవరూ తాకనక్కర్లేదు.'

"ఎవరూ తాకరట. మరి ఎలా చంపుతారు?"

"సార్, కమిటీ రిపోర్టు చదివాను. నర్సు చుక్క మరిచిపోతే 1.125 కాస్తా 1125 అవుతుంది. బాగానే ఉంది. కానీ మోతాదుతో పాటే ఆ మందుకి పరిమితి కూడా పంపుకి వెళ్తుంది. అది 2. రెండు దాటితే పంపు ఛీ పొమ్మంటుంది. ఆ రోజు ఎందుకు ఒప్పుకుంది?"

"ఎందుకు?"

"పరిమితి కూడా రెండు నుంచి రెండు వేలు అయ్యుండాలి. మోతాదు వెయ్యి రెట్లు, పరిమితీ వెయ్యి రెట్లు. రెండూ ఒకేసారి. అది వేలి పొరపాటు కాదు సార్. ఆ రెండు అంకెలూ నడిచొచ్చిన దారిలో ఏదో ఉంది."

ఆ దారి పేరు 'బ్రిడ్జ్'. డాక్టర్లు వాడే సాఫ్ట్‌వేర్ ఒక దేశంలో తయారైంది. అక్కడివాళ్ళు ఒకటిన్నరని 1,5 అని రాస్తారు. చుక్క ఉండవలసిన చోట వాళ్ళకి కామా. పంపుల సాఫ్ట్‌వేర్ మరో దేశానిది. అక్కడ ఒకటిన్నర అంటే 1.5. కామా పెడితే వేలని విడదీయడానికే. ఈ ఇద్దరి మధ్యా బ్రిడ్జ్ అనే ప్రోగ్రాం దుబాసీలా నిలబడి, అటు కామా వస్తే ఇటు చుక్క చేసి పంపుతుంది. ఆసుపత్రిలో ఇరవై నాలుగు గదులు. బ్రిడ్జ్‌లో ఒక్కో గదికీ ఒక్కో లైను.

"బ్రిడ్జ్‌ని మన మనిషే చూసి సర్టిఫికెట్ ఇచ్చింది," అన్నాడు చీఫ్. "శాటిన్."

శాటిన్ పేరు వినగానే డిపార్ట్‌మెంట్‌లో పెళ్ళికాని ఏజెంట్లు టై సర్దుకుంటారు. పెళ్ళయినవాళ్ళు దొంగచాటుగా సర్దుకుంటారు. గ్లవ్ ముఠాలో చేరి, వాళ్ళ రహస్యాలు మనకి చేరవేసే డబుల్ ఏజెంట్ ఆమె. పైకి మాత్రం వేరువేరు సాఫ్ట్‌వేర్లని కలిపే పెద్ద ఇంటిగ్రేషన్ కన్సల్టెంట్.

"రేపు మందు చేత్తో పెట్టించేస్తే పోలేదా సార్?"

"చెప్పాను. మీ మామగారు వినలేదు. చేత్తో పెడితే వాళ్ళకి అనుమానం వస్తుంది, లోపలున్న మనిషి జారుకుంటాడు, నన్ను ఎరగానే ఉంచండి అన్నారు. నేను ఆయన మంచం పక్కనే కూర్చుంటాను. నువ్వు కింద సర్వర్ రూములో టెస్ట్ టెక్నీషియన్‌గా ఉంటావు. శాటిన్ నీకు తోడు. తేడా కనిపిస్తే చెవిలో రేడియోలో 'గొడుగు తెచ్చారా' అను. నేను ట్యూబు పీకేస్తాను. అంతా సవ్యంగా ఉంటే 'ఎండ బాగుంది.'"

హెల్ప్‌డెస్క్ ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి, నీలం కోటు వేసుకుని, సర్వర్ రూము కంప్యూటర్‌లో వేలిముద్ర నమోదు చేయించుకుని, ఒకసారి తెరిచి చూసుకుని వచ్చాడు. వచ్చే ముందు పన్నెండో గదిలోకి తొంగిచూశాడు. మామగారు పేపరు దించకుండానే అన్నాడు.

"అమ్మాయికి చెప్పావా?"

"చెప్పలేదండీ, మామయ్యగారూ. కంగారు పడుతుందని."

"మంచిపని చేశావు. ఆ తలుపు వేసి వెళ్ళు."

* * *

మర్నాడు పదకొండు గంటల పది నిమిషాలు.

సర్వర్ రూము ఆసుపత్రి నేలమాళిగలో ఉంది. ఇనుప తలుపు. దాని ముందు ఒక రిజిస్టర్. లోపలికి వెళ్ళేవాళ్ళు వచ్చిన వేళ, తెచ్చిన సామాను, దాని బరువు రాసి సంతకం పెట్టాలి. ఎప్పుడో ఎవడో బ్యాగులో హార్డ్ డిస్కులు వేసుకుపోయిన నాటి నుంచీ ఈ తద్దినం నడుస్తోంది.

శాటిన్ పక్కనే నిలబడింది. బూడిదరంగు సూటు, సన్నటి సువాసన, చేతులకి తెల్లటి తొడుగులు. "చలిగది కదా, నా చేతులు తట్టుకోలేవు," అని నవ్వింది. ల్యాప్‌టాప్ బ్యాగుని తూకం మీద పెట్టి, పెన్ను తీసుకుని, బరువు గడిలో చకచకా రాసేసింది.

2,4.

హెల్ప్‌డెస్క్ ఆ గడి వైపు చూశాడు. తూకం తెర వైపు చూశాడు. తెర మీద 2.4 అని ఉంది. ఆమె చుక్కని చూసి కామా రాసింది. రాసినట్టు ఆమెకే తెలియదు.

ఫైల్లో శాటిన్ పుట్టిందీ పెరిగిందీ చదివిందీ చుక్క పెట్టే దేశంలోనే అని ఉంది. మనిషి పేరు మార్చుకోవచ్చు, జుట్టు రంగు మార్చుకోవచ్చు, యాస కూడా మార్చుకోవచ్చు. ఒకటో తరగతిలో పలక మీద దిద్దిన అంకె మాత్రం చేతిలో ఉండిపోతుంది. హెల్ప్‌డెస్క్ ఆ అయిదేళ్ళలో నేర్చుకున్నది ఏదైనా ఉంటే ఇదే. కామా దేశాల కస్టమర్లు ఫోన్ చేసి, "మీ ప్రోగ్రాం నా అంకెల్ని పాడుచేస్తోంది" అని తిట్టిన తిట్లు అతనికి ఇంకా చెవుల్లో మోగుతున్నాయి.

అప్పటికే శాటిన్ తలుపు తోసింది. ఇద్దరూ లోపలికి వెళ్ళాక ఇనుప తలుపు ధబీమని మూసుకుంది. చెవిలో రేడియో ఒకసారి గురగురమని చచ్చిపోయింది. నాలుగు వైపులా రేకు గోడలు. ఇలాంటి గదిలో సిగ్నల్ ఉండదని గాడ్జెట్ సెక్షన్ వాళ్ళకి తోచలేదు. గోడకి ఒక పాతకాలం ఫోను మాత్రం ఉంది.

అతను మొహం మామూలుగా పెట్టుకున్నాడు. టెక్నీషియన్లు చేసే పనే చేశాడు. గాలి పీల్చి అతుక్కునే రబ్బరు పిడితో నేల పలక ఒకటి పైకి లేపి, పక్కన పెట్టి, కింద పాకే కేబుళ్ళని టార్చితో చూశాడు. ఎవరూ కత్తిరించలేదు, ఏదీ తగిలించలేదు. లేచి కంప్యూటర్ ముందు కూర్చుని బ్రిడ్జ్ సెట్టింగులు తెరిచాడు.

ఇరవై నాలుగు లైన్లు. ఒక్కో దాని పక్కనా డాక్టర్ల సాఫ్ట్‌వేర్ ఏ దేశపు రాతలో అంకెలు పంపుతుందో రాసి ఉంది. ఒకటో గది, కామా. రెండో గది, కామా. పదకొండో గది, కామా.

పన్నెండో గది, చుక్క.

అంతే. ఇంకేమీ మార్చలేదు. డాక్టర్ల సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ మూడు దశాంశాలతోనే పంపుతుంది. మామగారి మోతాదు 1,150 అని వస్తుంది. ఆ లైను చుక్క దేశానిది అనుకుంటున్న బ్రిడ్జ్, ఆహా ఇది వేలు విడదీసే కామా అనుకుని దాన్ని తీసి పారేస్తుంది. 1150. పరిమితి 2,000 అని వస్తుంది. దానికీ అదే మర్యాద. రెండు వేలు. వెయ్యినూట యాభై రెండు వేలకి లోపలే కాబట్టి పంపు సంతోషంగా మొదలుపెడుతుంది. పని అయ్యాక మళ్ళీ కామా అని మార్చేస్తే, కమిటీలు ఎన్ని వారాలు కూర్చున్నా ఏమీ దొరకదు. పాపం ఆ నర్సు.

"అర్థమైనట్టుందే," అంది శాటిన్ వెనకనుంచి.

అతను కుర్చీ తిప్పాడు. చిన్న పిస్టల్, మూతికి సైలెన్సర్. తెల్ల తొడుగులో అది వణకడం లేదు.

"రిజిస్టర్‌లో ఏదో చూశావు. నీ మెడ బిగుసుకుంది. ఏం చూశావు?"

"మీ చేతిరాత బాగుంటుందని చూశాను."

"జేబులో పెన్ను ఇటివ్వు. మూడుసార్లు నొక్కితే మత్తుసూది వచ్చేది. ఆ పెన్ను ఓకే చేసిన కమిటీలో నేనూ ఉన్నాను." పెన్ను తీసుకుని తన బ్యాగులో వేసుకుంది. తరవాత గోడ ఫోను ఎత్తి, పన్నెండో గదికి కలిపి, తేనెలాంటి గొంతుతో అంది. "సార్, నేనే. కింద రేడియో పనిచేయడం లేదు. అతను చూస్తున్నాడు. ఎండ బాగుంది."

అవతల చీఫ్ ఊపిరి పీల్చుకున్న చప్పుడు హెల్ప్‌డెస్క్‌కి కూడా వినిపించింది. అరవబోయాడు. పిస్టల్ మూతి నుదుటికి తగిలింది. ఫోను పెట్టేసి శాటిన్ దాని తీగ ఊడబెరికింది.

"ఈ సెట్టింగ్ మార్చింది ఎవరో తెలుసా?" అంది. "నువ్వే. నిన్న వేలు పెట్టి లోపలికొచ్చావు, వెళ్ళేటప్పుడు లాగౌట్ చేయలేదు. నీ పేరుమీదే మార్చాను. మామా అల్లుళ్ళకి పడదని డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. మామని చంపి, తప్పు తెలిసి కాల్చుకున్న అల్లుడు. కమిటీకి ఈసారి రెండు రోజులు చాలు."

హెల్ప్‌డెస్క్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయిదేళ్ళపాటు రోజుకి ఇరవైమందిని ఇదే తప్పుకి చీవాట్లు పెట్టినవాడు. చావు కంటే ముందు ఆ సిగ్గే చంపేసేలా ఉంది.

"పదకొండు ఇరవై ఎనిమిది," అంది శాటిన్. "మందుకి ముందు, పదకొండున్నరకి టెస్ట్ పోవాలి. పోకపోతే నర్సుల దగ్గర గంట మోగుతుంది. మందు చేత్తో పెట్టేస్తారు. కాబట్టి పన్నెండో గదికి టెస్ట్ పంపు."

"పంపను."

"టెస్ట్ తెరవడానికి యంత్రానికి కావలసింది నీ వేలు. అది నీకు అతుక్కుని ఉండాలని రూలేమీ లేదు."

అతను తన కుడిచేతి చూపుడు వేలిని ఒకసారి చూసుకున్నాడు. తను ఛస్తే ఆ వేలితోనే ఈవిడ టెస్ట్ పంపేస్తుంది. పైన మామగారు పేపరు చదువుకుంటూ ఉంటారు. చీఫ్ పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటాడు. పదకొండు నలభైకి, డాక్టర్ ముందే పెట్టిన ఆర్డర్ దానంతట అదే బయల్దేరుతుంది. సాయంత్రం ఇంట్లో భార్య మొహం ఎలా ఉంటుందో తలుచుకున్నాడు.

కంప్యూటర్ వైపు తిరిగి వేలు పెట్టాడు. టెస్ట్ తెర తెరుచుకుంది.

గోడ మీద టెస్ట్ రూల్సు అంటించి ఉన్నాయి. 'ఏవైనా రెండు చిన్న అంకెలు పంపాలి. పంపు తెర మీద అవే వచ్చాయో లేదో చూసుకోవాలి.' టెస్ట్ అంకె తెర మీద కనిపిస్తుందంతే, మందు కదలదు. ఆ ఆసుపత్రి టెక్నీషియన్లు ఆరేళ్ళుగా, సెలవు రోజులతో సహా, 5, 10 తప్ప మరో అంకె పంపి ఎరగరు. ఆ రెండిటికీ ఏ దేశంలోనూ చుక్కా అక్కర్లేదు, కామా అక్కర్లేదు. కాబట్టి ఆ టెస్ట్ ఎప్పుడూ పాసే. నిన్న ఆ సంగతి విన్నప్పుడు హెల్ప్‌డెస్క్ నెత్తి కొట్టుకున్నాడు. ఇప్పుడు మాత్రం ఆ రూలు రాసినవాడెవడో 'ఏవైనా' అని రాసినందుకు మనసులోనే దణ్ణం పెట్టాడు.

"చిన్న అంకెలే," అంది శాటిన్ అతని భుజం మీదుగా వంగి. "యాభై దాటితే పైన బీప్ కొడుతుంది. తెలివితేటలు చూపించకు."

మొదటి అంకె. 5. పంపాడు. పంపు తెర మీద 5. పచ్చ దీపం.

రెండో అంకె. అతని వేళ్ళు మీటల మీద ఒక్క క్షణం ఆగాయి. చుక్క దేశపు రాతలో కామా తర్వాత ఖచ్చితంగా మూడంకెలుండాలి. వెయ్యినూట యాభై అంటే 1,150. కామా తర్వాత రెండే అంకెలుంటే అది అసలు అంకే కాదు. అలాంటిది వస్తే ప్రోగ్రాములు రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి. చాదస్తపు ప్రోగ్రామైతే, ఇది నాకు అర్థం కాలేదు, ఎవరైనా వచ్చి చెప్పేదాకా కదలను, నా వెనక ఉన్నవాళ్ళనీ కదలనివ్వను అని లైను ఆపేసి కూర్చుంటుంది. సర్దుకుపోయే ప్రోగ్రామైతే, పోనీలే అని కామా తీసేసి మింగేస్తుంది. మింగేస్తే పంపు మీద పెద్ద అంకె కనిపించి బీప్ కొడుతుంది, శాటిన్ అక్కడికక్కడే ట్రిగ్గర్ నొక్కుతుంది. బీప్ వింటే నర్సు పంపుని సరిచేసి ఊరుకుంటుంది తప్ప, పది నిమిషాల తర్వాత వచ్చే ఆర్డర్ సంగతి ఆవిడకేం తెలుసు?

ఈ బ్రిడ్జ్ ఏ రకమో అతనికి తెలియదు. అది చాదస్తపుది కావాలని తనకి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుని కొట్టాడు.

5,25.

శాటిన్ కళ్ళు ఆ అంకె మీదికి వచ్చాయి. చుక్క దేశంలో పెరిగిన వాళ్ళెవరైనా ఇదేం రాతరా అని ఆగిపోయే అంకె అది. శాటిన్ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చూసిన అంకె.

"అయిదుంపావు," అని పైకే చదివింది. "సరే. కానీ."

పంపాడు. బీప్ రాలేదు. మొదటి అంకె అందింది కాబట్టి నర్సుల గంటా మోగలేదు. తెర మూల చిన్న అక్షరాల్లో ఒక మాట వెలిగింది. 'పెండింగ్ 1.' దాని పక్కనే 'స్కిప్' అని ఒక బటను.

చాదస్తపుదే! హెల్ప్‌డెస్క్‌కి ఆ బ్రిడ్జ్‌ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. కానీ ఆ స్కిప్ బటను నొక్కితే అర్థంకాని అంకె చెత్తబుట్టలోకి పోతుంది. లైను ఖాళీ అవుతుంది, పదకొండు నలభైకి 1,150 దర్జాగా వెళ్ళిపోతుంది. ఇంకో తొమ్మిది నిమిషాలు ఈవిడ తెర మూలకి చూడకూడదు.

కుర్చీని నెమ్మదిగా తిప్పి, తల తెరకి అడ్డంగా వచ్చేలా కూర్చున్నాడు.

"ఒక్క మాట అడగనా? ఎలాగూ చస్తున్నాను."

"అడుగు."

"నర్సు సంగతి. పాస్‌పోర్టు ఆయన్ని చంపారు, సరే, మీ శత్రువు. ఆవిడేం చేసింది మీకు?"

శాటిన్ భుజాలెగరేసింది. "ఎవరో ఒకరి మీద పడాలిగా. ఆవిడ దగ్గరలో నిలబడింది."

హెల్ప్‌డెస్క్‌కి ఒళ్ళు మండింది. అంతవరకూ భయమే ఉంది, ఇప్పుడు కోపం కూడా తోడైంది. కానీ ఇది కోపానికి వేళ కాదు. కాబట్టి మామగారి మీదికి మళ్ళాడు.

"మా మామగారి సంగతి మీకు తెలీదు. పెళ్ళైన కొత్తలో మా ఆవిడతో భోజనానికి వెళ్ళాను. నాకు ఎదురుగా కూర్చుని అన్నం తిన్నంతసేపూ గడియారం చూస్తూనే ఉన్నారు. చివరికి, 'రైలెన్నింటికి?' అన్నారు. మేం నడిచొచ్చాం. ఇల్లు పక్కవీధే."

శాటిన్‌కి నవ్వొచ్చింది. నిజం నవ్వే. "మరి ఇంత కష్టపడ్డావేం ఆయన కోసం? ఊరుకుంటే పీడా పోయేది."

"అదే నాకూ అర్థం కావడం లేదు."

అర్థం అవుతూనే ఉంది. నిన్న ఆ ముసలాయన తను చస్తానని తెలిసీ ఎరగా కూర్చుంటానన్నాడు. కూతురికి చెప్పావా అని మాత్రమే అడిగాడు. ఆ మనిషిని పోనివ్వడం హెల్ప్‌డెస్క్ వల్ల కాదు.

పదకొండు ముప్ఫై ఆరు. మామగారు తన టై చూసి పెట్టిన పేర్లు చెప్పాడు. ముప్ఫై ఏడు. ఆయన పేపరు తను ముందు చదివినందుకు రెండు నెలలు మాట్లాడని సంగతి చెప్పాడు. ముప్ఫై తొమ్మిదికి చెప్పడానికి కబుర్లు అయిపోయాయి. నోరెండిపోయింది.

"ఇక లే," అంది శాటిన్. "పక్కకి జరుగు. నేను చూడాలి."

"ఇంకో మాట..."

"జరగమన్నాను."

జరిగాడు. ఆమె తెర వైపు వంగింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరవాత ఆమె చూపు మూలకి వెళ్ళింది.

పెండింగ్ 1.

శాటిన్ తెలివైన మనిషి. అయిదుంపావుని రెండోసారి చూడగానే మొహం పాలిపోయింది. "అంకె కాదు..." అని ఏదో గొణిగింది. గడియారంలో ఇరవై సెకండ్లున్నాయి. ఎడంచేత్తో మౌస్ అందుకుని బాణాన్ని స్కిప్ వైపు తోసింది. హెల్ప్‌డెస్క్ చక్రాల కుర్చీని కాలితో ఈడ్చి తన్నాడు. అది వెళ్ళి ఆమె మోకాళ్ళకి తగిలింది. ఆమె పిస్టల్ ఎత్తి, తూలి, ఎత్తుమడమల బూటుతో ఒక అడుగు వెనక్కి వేసింది.

వెనక నేల లేదు. ఇరవై నిమిషాల క్రితం అతను లేపి పక్కన పెట్టిన పలక గొయ్యి ఉంది.

తొడ దాకా దిగబడిపోయింది. పిస్టల్ పేలి పైకప్పులో గొట్టానికి చిల్లు పడింది. ఎడంచేయి ఇంకా మౌస్ తీగని పట్టుకునే ఉంది. మౌస్ బల్ల అంచు దాకా జారి, స్కిప్‌కి వేలెడు దూరంలో బాణం వణుకుతోంది. హెల్ప్‌డెస్క్ బోర్లా పడి ఆ మౌస్ తీగ పీకేశాడు.

పదకొండు నలభై.

పెండింగ్ 2.

మామగారి 1,150 వచ్చి, అర్థంకాని అయిదుంపావు వెనక బుద్ధిగా నిలబడింది.

హెల్ప్‌డెస్క్ పిస్టల్ తీసుకుని నేలమీదే చతికిలబడ్డాడు.

"ఆ గదిని చుక్క దేశానికి మార్చింది మీరే," అన్నాడు తెర చూపిస్తూ. "మళ్ళీ అంకె చదివేటప్పుడు మీ ఇంటికి వెళ్ళిపోయారు."

శాటిన్ కళ్ళు మూసుకుంది. "మా అమ్మ లెక్కల టీచరు," అంది.

* * *

పైన పన్నెండో గదిలో ఆర్డర్ రాలేదని పంపు కీచుమంది. కొత్తగా వచ్చిన నర్సు, రూలు ప్రకారం, కాగితం చూసి మోతాదు చేత్తో పెట్టింది. రెండుసార్లు చూసుకుని మరీ పెట్టింది. చీఫ్‌కి అప్పుడు వెలిగింది. మెట్లమీంచి పరిగెత్తుకొచ్చి ఇనుప తలుపు బాదాడు.

మధ్యాహ్నం మూడింటికి, శాటిన్ ల్యాప్‌టాప్‌లో దొరికిన నలభై ఫోటోలు మామగారి మంచం మీద పరిచారు. ఆయన ఇరవై ఏడో ఫోటో మీద వేలు పెట్టి, "వీడే" అన్నాడు. నాలుగున్నరకి గ్లవ్ నాయకుడు, ఊళ్ళో పేరున్న ఒక పూలకొట్టు యజమాని, గులాబీలకి నీళ్ళు చల్లుతూ దొరికిపోయాడు. అయిదింటికి చీఫ్ స్వయంగా కారేసుకుని హెడ్ నర్స్ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ తలుపు తీసి, విషయం విని, గుమ్మంలోనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చిందట. కమిటీ సభ్యులు అయిదుగురి పేర్లూ, ఫోన్ నంబర్లూ రాసిమ్మని అడిగిందట కూడా. చీఫ్ రాసిచ్చాడు.

అందరూ వెళ్ళాక హెల్ప్‌డెస్క్ మామగారి దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాడు. సైఫర్ సెక్షన్ మనిషి కాబట్టి ఆయన మధ్యలో ఎక్కడా ఆపలేదు, ఏదీ రెండోసారి అడగలేదు.

"అది సర్దుకుపోయే ప్రోగ్రామైతే?" అన్నాడు చివరికి.

"ఇద్దరం పోయేవాళ్ళం, మామయ్యగారూ."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. తరవాత సెలైన్ సూదులు గుచ్చిన చేత్తో తడుముకుని అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది.

"నీ సంబంధం వచ్చినప్పుడు విచారించాను," అన్నాడు ఆయన, గోడ వైపు తిరిగి. "ఫోన్లెత్తే ఉద్యోగం చేసేవాడని చెప్పారు. పనికిమాలిన ఉద్యోగం అనుకున్నాను."

"ఇప్పుడండీ?"

"ఉద్యోగం గురించి నా అభిప్రాయం మారలేదు బాబూ," అన్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.

మర్నాడు ఆఫీసులో హెల్ప్‌డెస్క్ మిషన్ రిపోర్టు నింపడానికి కూర్చున్నాడు. అన్ని గడులూ నింపాక, 'వాడిన ఆయుధం' అన్న గడి దగ్గర కాస్త ఆలోచించి, నిజాయితీగా ఒకే ఒక్క కామా కొట్టి పంపాడు. డిపార్ట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ దాన్ని ఎర్ర అక్షరాలతో తిప్పికొట్టింది. 'ఈ గడిని ఖాళీగా వదలరాదు. సహాయానికి హెల్ప్‌డెస్క్‌ని సంప్రదించండి.'